నెల్లూరులో, ఒంగోల్లో క్వీర్ సభ పెట్టుకోవాలంటే: తేదీ చూసుకోవడం నుంచి చివరి మనిషి ఇల్లు చేరేదాకా

క్వీర్ అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ లాంటి వాళ్ళందరినీ కలిపి పిలిచే మాట. ప్రైడ్ నడక అంటే వాళ్ళు తమ ఉనికిని చాటుతూ రోడ్డు మీద నడవడం. మన దేశంలో మొదటి ప్రైడ్ నడక 1999 జులై 2న కోల్‌కతాలో జరిగింది. నడిచింది 15 మంది. హైదరాబాదులో 2013లో మొదలైంది. అవి పెద్ద ఊళ్ళు, గుంపులో కలిసిపోతే ఎవరు ఎవరో తెలీదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు అట్లా కాదు. ట్రంకు రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే మేనమామో, ట్యూషన్ సారో, పక్కింటి ఆంటీ కొడుకో ఎదురుపడతారు. నెల్లూర్లో ఎవరినో చూశారన్న కబురు పొద్దుగూకేలోపు ఉదయగిరి చేరుతుంది.

అందుకని మన జిల్లాల్లో వరుస మార్చుకోవాలి. ముందు నాలుగు గోడల మధ్య 30, 40 మందితో ఒక సభ. కొన్ని నెలలు ఆగి ఇంకొకటి. ఎవరు నలుగురిలో కనపడగలరో, ఎవరు కనపడితే ఇంట్లో అన్నం పెట్టరో మీకు తెలిశాక రోడ్డు మీద నడక. ఎక్కువమంది నడకతో మొదలుపెడతారు. ఒక్క ఫొటో బయటికి పోతే చాలు, తర్వాత పిలిచినా ఎవరూ రారు. కింద లెక్కలన్నీ 40 మంది సభకు వేసినవి. నడక సంగతి చివర్లో ఉంది.

ముందు ఐదుగురు కుదరాలి

హాలు, పోలీసు కాగితాలు చూసుకునే మనిషి ఒకరు. తలుపు దగ్గర ఒకరు. డబ్బు, తిండి ఒకరు. లోపల ఏం మాట్లాడుకోవాలో చూసేది ఒకరు. వచ్చినవాళ్ళంతా ఇల్లు చేరారో లేదో చూసేది ఒకరు. ఈ ఐదో పనిని అందరూ మర్చిపోతారు. దానికి మీ అందరిలోకీ ఓర్పున్న మనిషిని పెట్టండి.

కాగితాల మనిషి సంగతి ఇంట్లోనూ, పనిచేసే చోటా అప్పటికే తెలిసి ఉండాలి. హాలు ఆఫీసుకీ, స్టేషన్‌కీ వెళ్ళేది ఆ మనిషి ఆధార్ జిరాక్సే. ధైర్యంగా ముందుకొచ్చాడు కదా అని ఇంట్లో తెలియని కుర్రాడి పేరు దరఖాస్తులో పెట్టకండి. విచారణకు వచ్చే కానిస్టేబుల్ దరఖాస్తులో ఉన్న అడ్రసుకే వస్తాడు, తలుపు తీసేది వాళ్ళమ్మ.

హిజ్రాలు రావాలంటే చేలాలకు, అంటే శిష్యులకు, ఫోన్లు చేసి ఊరుకోవద్దు. ముందు ఆ ఊరి హిజ్రాల పెద్ద అయిన నాయక్‌నీ, గురువుల్నీ ఇంటికెళ్ళి కలవండి. పళ్ళో, స్వీటో తీసుకెళ్ళండి, అమ్మా అని పిలిచి మాట్లాడండి. వాళ్ళు డబ్బు అడగడానికి బజారుకు వెళ్ళే రోజులేవో అడిగి, ఆ రోజు కాకుండా సభ పెట్టండి. ఒక పూట పోతే ఆ పూట సంపాదన పోతుంది. రానుపోను ఖర్చు ఇవ్వడం మర్యాద. స్టేజీ మీద ఆట కోసమో, ఫొటో కోసమో పిలిచి, చర్చ మొదలయ్యేసరికి పంపించేస్తే వాళ్ళు మళ్ళీ మీ గడప తొక్కరు. అది న్యాయమే.

లెస్బియన్ అమ్మాయిలు, ట్రాన్స్ మెన్ (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా మగవాళ్ళుగా బతికేవాళ్ళు) రావడం లేదని బాధపడేవాళ్ళు ఒకసారి సభ టైము చూసుకోండి. ఆరు దాటాక ఎక్కడికి పోయావని అడిగే ఇళ్ళే ఇక్కడ ఎక్కువ. సాయంత్రం ఏడుకు మొదలుపెట్టే సభకు మగపిల్లలే వస్తారు. ఆదివారం పదకొండు నుంచి రెండు దాకా పెట్టినా సరే, రెండు నుంచి ఐదు దాకా పెట్టినా సరే, ఎండాకాలం కాకపోతే చాలు.

తేదీ

మే 17 హోమోఫోబియా (స్వలింగ ప్రేమికుల మీద ద్వేషం) వ్యతిరేక దినం, జూన్ ప్రైడ్ నెల, నవంబర్ 20 ట్రాన్స్‌జెండర్ మృతుల స్మరణ దినం. క్యాలెండర్లో ఇవి బాగానే కనిపిస్తాయి. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం బయట అడుగు పెట్టలేం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, నెల్లూరుకు పెద్ద వానలు అప్పుడే. నవంబర్ 20న ఏం చేసినా లోపలే చెయ్యండి, తుపాను హెచ్చరిక వస్తే జరుపుకోవడానికి రెండో తేదీ పెట్టుకోండి. మార్చి 31 ట్రాన్స్‌జెండర్ విజిబిలిటీ దినం. ఏప్రిల్ 15 ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు మీద సుప్రీంకోర్టు నాల్సా తీర్పు ఇచ్చిన రోజు, 2014లో. మనకు ఈ రెండూ నయం. ఇంకా మంచిది జనవరి చివరి నుంచి మార్చి దాకా, పెళ్ళి ముహూర్తం లేని ఏ ఆదివారమైనా.

జూన్, జులైల్లో పెట్టాలంటే రొట్టెల పండుగ ఎప్పుడొస్తుందో ముందు చూడండి. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈ మధ్య ఏళ్ళలో జూన్ జులైల్లోనే వస్తోంది. ఆ రోజుల్లో జిల్లా పోలీసులంతా బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు దగ్గరే ఉంటారు. మీ దరఖాస్తు చూసే తీరిక ఎవరికీ ఉండదు, లాడ్జీల్లో గది కూడా దొరకదు.

ఆషాఢంలో, మూఢంలో కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. బేరం అప్పుడే కుదురుతుంది. మాఘంలో, వైశాఖంలో ముహూర్తం ఉన్న ఆదివారం అడిగితే రేటు రెండింతలు చెప్తారు, పైగా పక్క హాల్లోనే ఎవరో చుట్టాల పెళ్ళి ఉంటుంది. అది డబ్బు కంటే పెద్ద తంటా.

హాలు

పెద్ద పెద్ద పేరున్న హాళ్ళు మొదటి సభకు వద్దు. నెల్లూరు పురమందిరం నడిబొడ్డున ఉంది, లోపలికి పోయేవాళ్ళు రోడ్డు మీది అందరి కంటా పడతారు. 40 మంది పట్టే లాడ్జి మీటింగ్ హాలు, కోచింగ్ సెంటర్ గది, చిన్న ఫంక్షన్ హాలు చాలు. వెళ్ళి స్వయంగా చూడండి. చూడాల్సినవి ఇవి:

దారులు రెండుండాలి. ఒకే గేటు ఉన్న హాలు ఎంత చవకైనా వద్దు. ఎవరైనా ముందు గేటు దగ్గర కెమెరాతో నిలబడితే లోపలివాళ్ళు వెనక నుంచి వెళ్ళగలగాలి. సీసీ కెమెరాలు ఎక్కడున్నాయో, రికార్డు ఎన్ని రోజులు ఉంచుతారో అడగండి. హాలు లోపలి కెమెరా ఆ మూడు గంటలు ఆపమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. బాత్రూం గడియ పడుతుందో లేదో స్వయంగా వేసి చూడండి. రెండు బాత్రూంలుంటే ఒకదాని మీద ‘ఎవరైనా వాడవచ్చు’ అని కాగితం అంటించండి. లోపల బకెట్టు, మగ్గు, మూత ఉన్న చెత్తడబ్బా, నాలుగు ప్యాడ్లు పెట్టండి. బాత్రూం సంగతి తేలకపోతే ట్రాన్స్ మనుషులు పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా వస్తారు, మూడు గంటలకు కళ్ళు తిరిగి పడిపోతారు.

హాలు మేనేజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బర్త్‌డే అని చెప్పి తీసుకుంటే, మనుషుల్ని చూశాక ఆ రోజే కరెంటు పోయిందనో, ఓనరు వద్దన్నాడనో బయటికి పంపిస్తారు. అప్పటికి బస్సులు దిగి వచ్చిన వాళ్ళంతా రోడ్డు మీద నిలబడాలి. ‘ట్రాన్స్‌జెండర్, క్వీర్ వాళ్ళ సమావేశం. చట్టాలు, పథకాల గురించి మాట్లాడుకుంటాం. 40 మంది. మందు ఉండదు, మైకు ఉండదు, అయిదుకల్లా ఖాళీ చేస్తాం.’ ఈ నాలుగు మాటలు చాలు. కాదంటే ఆ రోజే కాదంటారు, ఇంకో హాలు చూసుకునే టైముంటుంది. ఒప్పుకుంటే తేదీ, గంటలు, అడ్వాన్సు రాసిన రసీదు తీసుకోండి. సభ ముందురోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. రెండో చోటు ఒకటి మాట్లాడి పెట్టుకోండి, ఎవరిదైనా పెద్ద ఇంటి మేడ అయినా సరే.

పోలీసు కాగితం

ప్రైవేటు హాల్లో, పిలిచినవాళ్ళతో, మైకు లేకుండా జరిగే సమావేశానికి మామూలుగా అనుమతి అక్కర్లేదు. అయినా ముందే స్టేషన్‌కు ఒక సమాచార లేఖ ఇవ్వండి. ఎవరైనా పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి ‘ఇక్కడేందో జరుగుతోంది’ అని చెప్తే, వచ్చే ఎస్సైకి మీ కాగితం గుర్తుంటుంది.

రోడ్డు మీద, పార్కులో, మైదానంలో అయితే అనుమతి తప్పనిసరి. మన జిల్లాల్లో తరచూ ‘30 యాక్టు’ అమల్లో ఉందంటారు, అది 1861 పోలీసు చట్టంలో 30వ సెక్షన్, సభలూ ఊరేగింపులూ అనుమతి లేకుండా చేయరాదని. గుంపుగా చేరడాన్ని ఆపే 144 సెక్షన్ అని అందరూ పిలిచేది 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163. దరఖాస్తు ఇచ్చే రోజే ఈ రెండింటిలో ఏది అమల్లో ఉందో, ఏ తేదీ దాకా ఉందో అడిగి తెలుసుకోండి.

దరఖాస్తు సబ్ డివిజనల్ పోలీసు అధికారి, అంటే డీఎస్పీ పేర రాసి, కాపీ ఆ ఏరియా సీఐకి ఇవ్వండి. 15 రోజుల ముందు ఇవ్వడం మంచిది. అందులో ఉండాల్సినవి: తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట, చోటు, ఎంతమంది, ఎందుకోసం, వాహనాలు ఉన్నాయా, మైకు ఉందా, బాధ్యులిద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, వాలంటీర్లు ఎందరు. నడకైతే దారి మొత్తం సెంటర్ల పేర్లతో. అంతే. వచ్చేవాళ్ళ పేర్ల జాబితా ఇవ్వకండి. అడిగితే ‘సుమారు 40 మంది, బాధ్యులం మేమిద్దరం’ అని మర్యాదగా చెప్పండి.

రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద తేదీతో సీలు వేయించుకోండి. ఇది లేకుండా వెనక్కి రాకండి. ‘పెట్టి పో, చూస్తాంలే’ అంటే అక్కడే కూర్చోండి, లేదా అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సీలు లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

అనుమతి లేదంటే కారణం రాసివ్వమని అడగండి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. నిరాకరణ రాతలో ఉంటేనే హైకోర్టుకు వెళ్ళడానికి పట్టు దొరుకుతుంది. వకీలు కోసం జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థను కలవచ్చు, ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం చట్టప్రకారం అందుతుంది.

మైకుకు 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల కింద వేరే రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట వాడకూడదు. 40 మందికి మైకు వద్దు. మైకు పెడితే మాట హాలు దాటి వీధిలోకి పోతుంది, పేర్లతో సహా.

పిలుపు

వాట్సాప్ గ్రూపు పెట్టకండి. గ్రూపులో చేర్చగానే ప్రతి నంబరు, ప్రతి డీపీ అందరికీ కనిపిస్తుంది. కాలేజీ కుర్రాడి నంబరు చూసి ‘అరే, నువ్వా’ అనేవాడు ఒకడుంటే చాలు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి తెలీదు, ఒక్కో లిస్టుకు 256 మంది దాకా పడతారు. ఒక ఇబ్బంది ఉంది: మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ఒక్కొక్కరికీ ముందు ఫోన్ చేసి, నంబరు సేవ్ చేసుకోమనండి. ఏ పేరుతో అన్నది వాళ్ళిష్టం.

మెసేజ్‌లో మొదటి లైను తాళం వేసిన స్క్రీను మీద కూడా కనపడుతుంది. తల్లిదండ్రులు చూసేది దాన్నే. ‘ఆదివారం 2 గంటలకు మీటింగ్, వివరాలకు ఫోన్ చేయండి’ అని రాస్తే సరిపోతుంది. చోటు పేరు ముందురోజు రాత్రి ఫోన్లో చెప్పండి.

డబ్బు పోగుచేసేటప్పుడు యూపీఐ ఒక్కటే పెట్టకండి. పంపినవాళ్ళకు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు మీకు, మీ పేరు వాళ్ళకు కనిపిస్తాయి. ట్రాన్స్ మనిషికి ఆ పాత పేరు పదిమందిలో చదవడం గుండెకోత. నాన్నతో జాయింటు ఖాతా ఉన్న పిల్లల స్టేట్‌మెంటులో ‘ప్రైడ్ చందా’ అని పడితే ఇంట్లో గొడవే. నోట్ దగ్గర ఏమీ రాయొద్దని చెప్పండి, తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టి నగదు కూడా తీసుకోండి.

18 నిండనివాళ్ళను సభలోకి రానివ్వకండి. అది మీకూ వాళ్ళకూ చిక్కు. కానీ పొమ్మని గేటు దగ్గర వదిలేయొద్దు. పక్కకు కూర్చోబెట్టి, వినండి, ఇంట్లో కొడుతున్నారంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయించండి.

తలుపు దగ్గర

ఫొటోలు వద్దని చెప్తే ఎవరూ వినరు. చెప్పడం కాదు, కెమెరాకు మూత పెట్టాలి. దానికి మన దగ్గరున్న మంచి సాధనం బొట్టుబిళ్ళ. పెద్ద గుండ్రటి బిళ్ళ ప్రతి లెన్సు మీదా ఒకటి. వెనక మూడు, ముందొకటి అనుకుంటే ఫోనుకు నాలుగు, 40 ఫోన్లకు 160. ఫ్యాన్సీ షాపులో మెరుపుల్లేనివి, 200 బిళ్ళలకు సరిపడా ప్యాకెట్లు తీసుకోండి. తీస్తే తెలిసిపోతుంది, ఫోను మనిషి దగ్గరే ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తొచ్చు. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకునే పద్ధతి మన దగ్గర పనిచేయదు. అరగంట ఫోన్ ఎత్తకపోతే ఇంట్లో వెతకడం మొదలుపెడతారు.

లోపలికొచ్చేవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయించుకోవద్దు. నంబరు వేసిన టోకెన్లు చాలు. ఏ పేరుతో పిలవాలో మాత్రం అడగండి, అదే కాగితం మీద రాసి పిన్ను పెట్టండి. ఎరుపు పిన్ను ఉంటే వాళ్ళను ఎవరూ ఎక్కడా ఫొటో తీయకూడదు, సభ తర్వాత టీ కొట్టు దగ్గర కూడా. పసుపు ఉంటే అడిగి తీయొచ్చు.

యూట్యూబ్ చానెల్ లోగో పట్టుకుని ఎవరైనా రావచ్చు. వాదన పెట్టుకోకండి, తోయకండి. వాళ్ళకు కావాల్సింది ఆ వీడియోనే. తలుపు మనిషికి ముందే మాటలు నేర్పించండి: ‘అన్నా, లోపల ఫొటోలు లేవు. రాసిన కాగితం ఇస్తాం. మాట్లాడాలంటే మా వాళ్ళిద్దరు బయటికొచ్చి మాట్లాడతారు, ఆడ తీసుకోండి.’ అదే మాట మూడుసార్లు, అదే గొంతుతో. ఈలోపు లోపలివాళ్ళకు కబురు చేరాలి, ఎరుపు పిన్ను వాళ్ళు కిటికీల దగ్గర్నుంచి జరగాలి.

పత్రికల జిల్లా పేజీల విలేఖరులకు సభ అయ్యాక ఒక పేజీ ప్రెస్ నోటు సాయంత్రం ఐదున్నర లోపు పంపండి. ఆ కాగితం అడుగున రాయండి: కొజ్జా, పేడి, తేడా లాంటి మాటలు వాడవద్దని, ట్రాన్స్‌జెండర్, హిజ్రా, గే, లెస్బియన్ అని రాయమని. చెప్తేనే మారుతుంది. చాలామంది విలేఖరులు తెలియక రాస్తారు, చెడ్డతనంతో కాదు.

తిండి

సాయంత్రపు పూట, తలకు 80, 90 గ్రాముల బియ్యం. 40 మందికి పులిహోర అంటే మూడున్నర కిలోలు. పాత బియ్యం తీసుకోండి, కొత్తవైతే ముద్దవుతుంది. అన్నం చాపమీదో, బేసిన్లోనో ఆరబోసి చల్లారాకే పులుసు కలపండి. మలై కాజా తలకొకటి. టీ రెండుసార్లంటే 80 కప్పులు: పాలు 4 లీటర్లు, నీళ్ళు మూడున్నర, టీపొడి పావుకిలో, పంచదార 800 గ్రాములు. తాగేనీళ్ళు 20 లీటర్ల క్యాన్లు రెండు, ఎండాకాలంలో మూడు. చేపల పులుసు పెట్టమని అడుగుతారు, నెల్లూరు కదా. ముళ్ళు తీసుకుంటూ ఎవరూ మాట వినరు, హాలు వాళ్ళు వాసన గురించి గొడవ చేస్తారు. అది ఇంకో రోజు, ఎవరింట్లోనైనా.

మొదటి సభలో రక్తపరీక్షల శిబిరం పెట్టకండి. పరీక్షలు మంచివే, కావాలి. కానీ ‘అక్కడికి పోయేవాళ్ళంతా రోగులే’ అనే మాట ఊళ్ళో పడిందంటే దాన్ని తుడవడానికి ఏళ్ళు పడుతుంది.

లోపల ఏం మాట్లాడాలి

మొదటి అరగంట పరిచయాలకు, పేరూ ఊరూ చెప్పడం ఇష్టమైతేనే. తర్వాత గంటసేపు వార్తలు. ఈ భాగాన్ని నిర్లక్ష్యం చేయకండి. మనవాళ్ళకు వార్తలు ఫార్వర్డుల్లోనే వస్తాయి, సగం తప్పులే ఉంటాయి. ఒకరు ముందే కూర్చుని నాలుగైదు విషయాలు సరిచూసి రావాలి. బిల్లు వేరు, చట్టం వేరు, రూల్సు వేరు, జీవో వేరు. ఫార్వర్డులో జీవో నంబరు, తేదీ, శాఖ పేరు లేకపోతే పక్కన పెట్టండి. ట్రాన్స్‌జెండర్ చట్టం 2019 నాటిది, దాన్ని చదివేటప్పుడు ఆ రోజుకు అమల్లో ఉన్న పాఠాన్నే తెచ్చుకోండి, పాత పీడీఎఫ్ కాదు.

తీర్పుల్లో రెండు సగాలూ చెప్పాలి. ఉదాహరణకు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ట్రాన్స్ మహిళకు మహిళగా గుర్తింపు నిరాకరించకూడదని, అత్తింటి వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉందని చెప్పింది. ఆ కేసు మన ఒంగోలుదే. ఫార్వర్డుల్లో రాని సగం ఏమిటంటే, ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని ఆ కేసును అదే తీర్పు కొట్టేసింది. ఈ రెండూ కలిపి చెప్తేనే, రేపు ఫిర్యాదు ఇచ్చే మనిషి మందుల చీటీలు, మెసేజ్‌లు, తేదీలు దాచుకుంటుంది.

అలాగే 2018 సెప్టెంబర్ 6 సుప్రీంకోర్టు తీర్పుతో, ఆడా మగా ఎవరైనా సరే, ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబర్ 17 తీర్పులో స్వలింగ జంటలకు పెళ్ళి హక్కు రాలేదు. కానీ 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ, క్వీర్ వ్యక్తులు బ్యాంకులో జాయింటు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. దాన్ని ముద్రించి పట్టుకెళ్తే బ్రాంచిలో మాట చెల్లుతుంది. ఇంట్లో బంధించిన మనిషి గురించి కోర్టుకు వెళ్ళినప్పుడు, కౌన్సెలింగ్ పేరుతో వాళ్ళను మార్చే ప్రయత్నం చేయకూడదని 2024 మార్చి 11న సుప్రీంకోర్టు చెప్పింది. ‘మారుస్తాం’ అని చేసే వైద్యం వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఇంటివాళ్ళు డాక్టరు దగ్గరికి లాక్కెళ్తున్న పిల్లలకు ఈ రెండు ముక్కలూ నోటికి రావాలి. మనసు బాగోలేనివాళ్ళకు టెలిమానస్ నంబరు 14416, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు.

ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్ పింఛను నెలకు 4,000 రూపాయలు, దరఖాస్తు సచివాలయంలో. ఎవరికి అందడం లేదో సభలో చేతులెత్తించకండి. టీ టైములో ఒక మూల బల్ల వేసి, ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకోండి.

మిగిలిన గంట వాళ్ళది. ఏమీ పెట్టకండి.

ఇల్లు చేరడం

అన్నిటికంటే ప్రమాదమైన అరగంట సభ అయిపోయిన తర్వాతది. అందరూ ఒకేసారి బయటికొచ్చి రోడ్డు మీద కబుర్లు చెప్తారు, చీరలోనో మేకప్‌లోనో ఉన్న ఒక మనిషి ఒంటరిగా బస్టాండుకు నడుస్తుంది. అక్కడే వెంటపడతారు. హాల్లో బట్టలు మార్చుకోవడానికి ఒక గది, అద్దం, కొబ్బరినూనె, దూది, సబ్బు పెట్టండి. కాటుక, లిప్‌స్టిక్ కొబ్బరినూనెతో పోతాయి. నాలుగేసి మంది చొప్పున ఐదు నిమిషాలు ఎడం ఇచ్చి పంపండి, ఒకే దారిన పోయేవాళ్ళను కలపండి: ఆత్మకూరు బస్టాండు వైపు, రైల్వే స్టేషన్ వైపు, వేదాయపాళెం వైపు. చివరి పల్లెవెలుగు ఎన్నింటికో ముందే కనుక్కుని, దానికి ముందు బస్సుకే ఎక్కించండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ టికెట్టు డబ్బు లేదు. గుర్తింపు కార్డు చూపించాలి. సూపర్ లగ్జరీలకు, చెన్నై బస్సులకు ఇది చెల్లదు. కార్డులో ఫొటో వేరుగా ఉందని కండక్టరు వాదిస్తే, రాత్రిపూట బస్సులో గొడవ వద్దు. డబ్బిచ్చి టికెట్టు దాచుకుని, మర్నాడు డిపోలో ఫిర్యాదు ఇవ్వండి.

ఇల్లు చేరగానే ‘చేరాను’ అని ఐదో మనిషికి మెసేజ్ రావాలి. రాత్రి తొమ్మిదికి రానివాళ్ళకు ఫోన్ చేయాలి, ఎత్తితే ‘రేపు క్లాసు నోట్సు తెస్తావా’ లాంటి మాటతో మొదలుపెట్టాలి, పక్కన ఎవరున్నారో తెలీదు కదా. ఇంట్లోంచి గెంటేశారంటే ఆ రాత్రికి పడుకోవడానికి ఒక ఇల్లు ముందే మాట్లాడి ఉంచండి. ఆ ఇంటి అడ్రసు ఇద్దరికి మించి తెలియకూడదు.

నడక

రెండు సభలయ్యాక, బయట కనపడగలమని వాళ్ళంతట వాళ్ళే చెప్పిన 25, 30 మంది ఉంటే నడవండి. దారి కిలోమీటరు లోపు. గాంధీబొమ్మ నుంచి వీఆర్సీ సెంటర్ వైపు ట్రంకు రోడ్డు ఇరుకు, ఆదివారం సాయంత్రం అడుగు తీసి అడుగు వేయలేం. ఆదివారం పొద్దున ఏడుకైతే పోలీసులు త్వరగా ఒప్పుకుంటారు, ఎండ ఉండదు. ఒంగోల్లో కూడా చర్చి సెంటర్ లాంటి చోట్లకు ఇదే లెక్క. దరఖాస్తు ఇచ్చే ముందు అదే గంటకు ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి: ఆసుపత్రి గేటు, గుడి, మసీదు, వైన్ షాపు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోండి. వైన్ షాపు ముందు ఆగకూడదు.

ఇద్దరిద్దరుగా ఎడమ పక్కన. పదిమందికొక వాలంటీరు, ముందొకరు, చివరొకరు. చివర నడిచేవాళ్ళ దగ్గర నీళ్ళు, ఓఆర్ఎస్. ప్లకార్డుకు కర్రలు వద్దు, కర్ర కనపడితే పోలీసులు ఆపుతారు. చార్టు పేపరు సగానికి కోసి రెండు చేతులా పట్టుకునేలా చేయండి, పది అడుగుల దూరం నుంచి చదవగలిగేంత అక్షరాలు, ఒక్కోదాని మీద ఐదారు మాటలు. తెలుగులోనే రాయండి. రోడ్డు పక్క పూలమ్మే ఆమెకు అర్థం కావాలి.

ఆరు రంగుల ప్రైడ్ జెండా కొనక్కర్లేదు. పాప్లిన్ గుడ్డ 36 అంగుళాల పన్నాది, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా ఒక్కోటి అరమీటరు. ప్రతి రంగులో 7 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు వస్తాయి. రెండూ పొడవునా కలిపి కుట్టండి. అరంగుళం చొప్పున కుట్లలో పోగా, ఆరు రంగులూ కలిస్తే మూడడుగుల ఎత్తు, దాదాపు ఆరడుగుల పొడవు. ఎరుపు పైకి రావాలి. కుట్టే ముందు ఎరుపు, ఊదా గుడ్డల్ని విడివిడిగా నీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేయండి. లేకపోతే మొదటి వానకే పసుపు మీద రంగు దిగుతుంది. ట్రాన్స్ జెండాకు లేత నీలం, గులాబీ, తెలుపు, గులాబీ, లేత నీలం, ఐదు పట్టీలు.

ఎవరైనా తిడితే జవాబివ్వకండి, ఆగకండి. రాయి పడితే నడక అక్కడికి ఆపి, అందర్నీ ముందే చూసిపెట్టుకున్న పక్కసందులోకి తీసుకెళ్ళి 112కి ఫోన్ చేయండి. వీడియో తీసే పని ఒక్కరిది, తిట్టేవాళ్ళ వైపు తిప్పి మాత్రమే.

మర్నాడు

ఖర్చుల లెక్క రాసి ఐదుగురూ సంతకాలు పెట్టండి. టోకెన్లు, పిన్నుల మీది పేర్ల కాగితాలు కాల్చేయండి. ‘చేరాను’ మెసేజ్‌లు తుడిచేయండి, ఫోన్లో ఉన్న జాబితా కూడా. పింఛను కోసం రాసుకున్నవి మాత్రం ఒకరి దగ్గరే ఉంచి, వారంలోపు సచివాలయానికి తిప్పండి. గోడలకు అంటించినవేమైనా ఉంటే మీరే పీకేయండి. స్టేషన్‌కు వెళ్ళి, సభ ప్రశాంతంగా జరిగిందని, సహకరించినందుకు ధన్యవాదాలని రెండు లైన్ల కాగితం ఇచ్చి దాని మీద కూడా సీలు వేయించుకోండి. ఆ కాగితాన్నీ, మొదటి దరఖాస్తు కాపీనీ, హాలు రసీదునూ ఒకే ఫైల్లో పెట్టండి. వచ్చేసారి వెళ్ళినప్పుడు ఎస్సై మొదట అడిగేది ‘ఇంతకు ముందెప్పుడన్నా పెట్టారా’ అనే.